ఒక్క నిర్ణయాన్ని పట్టుకో

మల్కాజిగిరి

చి. నీహారికకు,

ఎమ్మెస్సీ అయ్యాక ల్యాబ్‌లో చేరకుండా సైన్స్ పాలసీ చదువుతానన్నావట. మీ నాన్న ఫోన్ చేసి "అదేం ఉద్యోగం అన్నయ్యా" అని ఒకటే గోల. వాడికి నేను సర్దిచెప్తాలే. జీతం గురించి వాడి భయం మాత్రం ఉత్తది కాదు. ఈ రంగంలో తొలి ఏళ్లన్నీ ఫెలోషిప్పులు, ప్రాజెక్టు కొలువులే. తెలిసే దిగు.

హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధనాలయం మీదుగానే కదా నీ రాకపోకలు. 1977లో దాన్ని మొదలుపెట్టిన పుష్పమిత్ర భార్గవ గురించి ముందు చదువు. అజ్మీర్‌లో పుట్టి, 1950లో వచ్చి మన ఊరివాడైపోయాడు. 2008లో సుప్రీంకోర్టు మాట మీద, జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీలో ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చున్నాడు. మరుసటేడు అక్టోబర్‌లో కమిటీ బీటీ వంకాయకు సరేనంటే ఆయన కాదన్నాడు. మొక్కను తయారుచేసిన కంపెనీ ఇచ్చిన పరీక్షల లెక్కలే మనకూ ఆధారమైతే ఎట్లా, విడిగా పరీక్షించే ల్యాబ్ ఏదీ అని అడిగాడు. మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు ఊళ్లలో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశాడు. భార్గవ మాటకు అంత బరువెందుకు వచ్చింది? డీఎన్ఏ ఆయన చేతి పని గనక. అందుకే నీ మాలిక్యులర్ బయాలజీని అటకెక్కించొద్దంటున్నాను.

అట్లాగని ఆయనకు దండ వేసి ఊరుకుంటే నువ్వు అభిమానివే అవుతావు. అదే వంకాయను బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి వేస్తున్నారు. అక్కడ మందు కొట్టడం తగ్గిందా, విత్తనం ఎవరి చేతిలో ఉంది, అదీ చూడు. ఆయన మొండిమనిషి కూడా. ఒక్కోసారి అవతలివాళ్ల వాదంలో పస ఉన్నా ఒప్పుకునేవాడు కాదేమోనని నా అనుమానం.

జేఎన్‌యూలో సైన్స్ పాలసీకి ప్రత్యేక కేంద్రం ఉంది, ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీలో 1966 నుంచీ ఉంది. అప్లికేషన్లు పెట్టు. సీటు వచ్చేలోగా ఊరికే కూర్చోక, ఒక్క నిర్ణయాన్ని పట్టుకొని ల్యాబ్ నుంచి పార్లమెంటు దాకా దాని వెంట నడువు. దానికి ఉప్పల్ చాలు. లాల్జీ సింగ్ కట్లపాము డీఎన్ఏ మీద చేసిన పని చివరికి సీసీఎంబీలో మనుషుల్ని గుర్తుపట్టే పద్ధతికి దారితీసింది. తలశ్శేరి కోర్టులో ఒక పితృత్వ కేసు దానితోనే తేలింది. తర్వాత ఈ పనికే సీడీఎఫ్‌డీ అనే కేంద్రం పుట్టింది. ఇప్పుడు ఉప్పల్‌లోనే ఉంది. ఈ పద్ధతి వాడకం మీద 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్ఏ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. నేరం రుజువు కాని మనిషి డీఎన్ఏ ప్రభుత్వం దగ్గర ఎన్నాళ్లుండాలి? దీనికి జవాబు ఏ మైక్రోస్కోపులోనూ కనిపించదు. కానిస్టేబుల్‌నీ లాయర్‌నీ అడుగు, స్టేషన్ మెట్లెక్కి దిగిన వాళ్లనీ అడుగు. తెలుగులోనే అడుగు, తెలుగులోనే రాసుకో.

ఆ బిల్లు మీద 2021లో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక నెట్‌లో దొరుకుతుంది. మన అసదుద్దీన్ ఒవైసీ, కేరళ బినోయ్ విశ్వం అందులో అసమ్మతి నోట్లు రాశారు. ముందు అవి చదివి, తర్వాత అసలు నివేదికకు రా. ఆదివారం వచ్చేటప్పుడు ప్రింటు తీసి పట్టుకురా, ఫోన్‌లో నా కళ్లకు ఆనదు.

మీ పెదనాన్న