పిన్ ఎప్పుడు నొక్కాలి?

బోరబండలో ఒక అక్క కూరగాయలు అమ్ముతుంది. బండికి గళ్ల బొమ్మ అంటించింది. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. కొనేవాళ్లు ఫోనుతో స్కాన్ చేస్తారు. డబ్బు అక్క ఖాతాలో పడుతుంది. 2016లో వచ్చిన ఈ పద్ధతి పేరు యూపీఐ.

ఒకరోజు ఎవడో ఫోన్ చేశాడు. "అక్కా! నీకు రెండు వేలు రావాలి. నేను పంపిన బొమ్మ స్కాన్ చేసి పిన్ నొక్కు" అన్నాడు.

నొక్కితే ఏమవుతుంది? డబ్బు రాదు, పోతుంది. పిన్ అంటే బ్యాంకులో పెట్టే సంతకం లాంటిది. మన డబ్బు తీయాలంటే సంతకం కావాలి. మనకు డబ్బు వేసేవాళ్లకు మన సంతకం ఎందుకు?

అక్క నొక్కలేదు. ఫోన్ పెట్టేసింది.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

చదవండి, రాయండి:
డబ్బు రావడానికి పిన్ అక్కర లేదు.