దవడ కీలు బాధ ఉన్నవారికి జ్ఞానదంతం తీయవలసి వస్తే



జ్ఞానదంతం తీయించుకోవలసి వచ్చినవారికి అప్పటికే దవడ కీలులో బాధ ఉన్నట్లయితే, ఆ రెండింటినీ ఒకే జబ్బుగా భావించకుండా విడివిడిగా తూచి చూడడం అన్నిటికంటే ముందు జరగవలసిన పని. దవడ కీలు అంటే చెవికి సరిగ్గా ముందు, కింది దవడ ఎముక తల కపాలంలోని గుంటలో ఇమిడి కదిలే చోటు. ఆ రెండు ఎముకల మధ్య పీచులాంటి మృదులాస్థితో ఏర్పడిన పలుచని బిళ్ళ ఒకటి ఉండి, నోరు తెరిచినప్పుడు ఎముకతో పాటు ముందుకు జారుతుంది. ఆ బిళ్ళ చోటు తప్పితే నోరు తెరిచేటప్పుడు టక్కుమనే శబ్దం వస్తుంది. అది మళ్ళీ చోటుకు చేరకుండా అడ్డుపడితే నోరు సగంలోనే ఆగిపోతుంది. జ్ఞానదంతాలు మాత్రం సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య దవడ చివర మొలిచే పళ్ళు. చోటు చాలక అవి ఇరుక్కుపోయి చుట్టూ చిగుళ్ళు వాచినప్పుడు కూడా నోరు సరిగా తెరుచుకోదు, నొప్పి చెవి వరకు పాకుతుంది. ఈ పోలిక వల్లనే పన్ను తీసేస్తే కీలు బాగవుతుందన్న ఆశ చాలామందికి కలుగుతుంది.

ఆ ఆశతో మాత్రమే పన్ను తీయించుకోవడం సరికాదు. జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం మానాలని బ్రిటన్‌లో నైస్ అనే జాతీయ సంస్థ 2000లోనే మార్గదర్శకం ఇచ్చింది. అయితే పన్ను పుచ్చిపోయినా, చిగుళ్ళు పదేపదే వాచి చీము పడుతున్నా, పక్క పన్ను దెబ్బతింటున్నా, ఎముకలో నీటితిత్తి ఏర్పడినా, కీలు బాధ ఉందన్న భయంతో వాయిదా వేయడం అంతకంటే పెద్ద పొరపాటు. కీలు బాధ పన్ను తీయించుకోవడానికి అడ్డంకి కాదు. తీసే పద్ధతిని మార్చవలసిన కారణం మాత్రమే.

తీసేటప్పుడు కీలుకు కష్టం రెండు వైపుల నుంచి వస్తుంది: నోరు చాలాసేపు బాగా తెరిచి ఉంచవలసి రావడం ఒకటి, కింది పన్నును కదిలించేటప్పుడు పడే బలం దవడ ఎముక గుండా నేరుగా కీలుకు చేరడం రెండవది. పై దంతాల విషయంలో ఈ రెండవ కష్టం చాలా తక్కువ. కింది పన్నును ఒకేసారి పెకలించక డ్రిల్లుతో ముక్కలుగా కోసి తీస్తే బలం తగ్గుతుంది; సహాయకులు కింది దవడను చేత్తో ఎత్తి పట్టుకోవడం, అవతలి వైపు పళ్ళ మధ్య రబ్బరు దిమ్మ ఉంచి దానిమీద దవడను ఆనించనివ్వడం, మధ్య మధ్య నోరు మూసి విశ్రాంతి ఇవ్వడం కూడా అంతే ముఖ్యం. ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇచ్చినప్పుడు రోగి మెలకువగా ఉంటారు గనుక బాధ కలిగితే చెయ్యి ఎత్తి ఆపించగలరు. పూర్తి మత్తులో కండరాలు సడలిపోయి దవడ మితిమీరి తెరుచుకునే ప్రమాదం ఉంది కాబట్టి, అక్కడ జాగ్రత్త భారమంతా వైద్యుల మీదే ఉంటుంది. అందువల్ల నోరు పట్టేయడం గాని, దవడ జారిపోవడం గాని ఇదివరకు జరిగి ఉంటే, రాత్రిపూట పళ్ళ మీద తొడుగు వాడుతూ ఉంటే, ఆ సంగతులన్నీ ముందే చెప్పాలి. కీలు బాధ ఉన్నవారు పన్ను తీయించుకోవడానికి నోరు, దవడల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుల దగ్గరకు వెళ్ళడం మేలు.

తీసిన తరువాతి రోజులు ఓపిక కోరతాయి. వాపు రెండు మూడు రోజుల వరకు పెరిగి తగ్గుముఖం పడుతుంది. దవడ కండరాలు బిగుసుకుని నోరు వారం పది రోజులు సరిగా తెరుచుకోకపోవచ్చు, కానీ అది కీలు చెడిందనడానికి గుర్తు కాదు. మొదటి రోజు బయటి నుంచి చల్లని కాపడం, తరువాత గోరువెచ్చని కాపడం పెట్టాలి. మెత్తగా కలిపిన పెరుగన్నం, జావ, నానబెట్టిన ఇడ్లీ వంటివి తినాలి. పొగతాగడం, స్ట్రాతో పీల్చడం పూర్తిగా మానాలి. వైద్యుల అనుమతితో నాలుకను అంగిలికి ఆనించి నోరు మెల్లగా తెరిచి మూయడం రోజుకు కొన్నిసార్లు చేయవచ్చు గాని, బలవంతంగా సాగదీయడం, నోరంతా తెరిచి ఆవులించడం తగవు. మూడు నాలుగు రోజుల తరువాత తగ్గవలసిన నొప్పి హెచ్చి చెవికి పాకితే, గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి ఉండవచ్చు. దీన్ని కీలు నొప్పి అనుకుని మాత్రలతో నెట్టుకురావడం చాలామంది చేసే పని, వైద్యులు ఆ గుంట కడిగి మందు పెడితే సాధారణంగా ఉపశమనం కలుగుతుంది. జ్వరం వచ్చి మింగడం కష్టమైనా, మెడ వాచినా, తెరిచిన నోరు మూసుకోకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నోరు మునుపటిలా తెరుచుకుంటోందో లేదో తేల్చుకోవడానికి ఒక కొలత కావాలి. పెద్దవారి నోరు ముందు పళ్ళ మధ్య సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల వరకు, అంటే దాదాపు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటుంది. రోగి నోరు ఎంత తెరుచుకుంటుందో శస్త్రచికిత్సకు ముందే కొలిపించి కాగితం మీద రాయించుకోవాలి. రెండు వారాలు గడిచినా నోరు ఆ కొలతకు చేరువ కాకపోతే, ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వైద్యుల దగ్గరకు తప్పక వెళ్ళవలసినది.