సంతకం పెట్టే ముందు

పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు ఒకటి ఉంది. దొడ్డికి పోతే నెత్తురు పడుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. రోజుకు పదిసార్లు లేచిపోయే మనిషి బీడీలు చుట్టేదెప్పుడు, పొలానికి పోయేదెప్పుడు?

అటువంటి మనిషిని "కొత్త మందు పరీక్షలో చేరుతరా?" అని డాక్టరు అడిగితే ఆశ పుడుతుంది. కాని కొత్త మందు అందరికీ దొరకదు. కొన్ని పరీక్షల్లో కొందరికి మందు లేని ఉత్త గోలీ ఇస్తారు. ఎవరికి ఏది పడిందో చాలాసార్లు డాక్టరుకూ తెలియదు. ఇది మోసం కాదు. మందు పనిచేస్తుందో లేదో అట్లనే తేలుతుంది. అయితే ఆ మాట ముందే చెప్పాలి.

జబ్బు లేనివాళ్ల మీద కూడా పరీక్షలు జరుగుతాయి. జమ్మికుంట దిక్కు యువకులు పైసల కోసం బెంగళూరు పోయి అట్లా చేరిన సంగతి 2017లో పేపర్లకెక్కింది.

2019లో కేంద్ర ప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చింది. చదువు రానివారికి కాగితం చదివి వినిపించాలి. పరీక్షతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. కాగితం ప్రతి ఒకటి చేరినవారికి ఇవ్వాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. నడుమ మానేస్తానంటే కాదనరాదు. మానేసినందుకు మామూలు వైద్యం ఆపరాదు.