తుపాకి లైసెన్సు - ఠాణా నివేదిక

ఢిల్లీలో తుపాకి కొనదలచిన పౌరుడు మొదట వెళ్లవలసినది ఆయుధాల దుకాణానికి కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివారికి వర్తకుడు తుపాకి అమ్మరాదు. అందుచేత కొనుగోలుదారుని పూర్వాపరాల విచారణ లైసెన్సు మంజూరుకు ముందే ముగియాలి. జిల్లాలలో సాధారణంగా జిల్లా మేజిస్ట్రేటు వహించే ఈ బాధ్యతను ఢిల్లీలో, హైదరాబాదులో వలెనే, పోలీసు శాఖ వహిస్తున్నది.

దరఖాస్తు అందిన పిమ్మట అధికారి సమీప ఠాణా నుండి నివేదిక కోరాలని 13వ సెక్షను నిర్దేశిస్తున్నది. ఈ వ్యవస్థకు ఆయువుపట్టు ఈ నివేదికయే. దరఖాస్తుదారునికి పూర్వం శిక్ష పడినదా అన్నది రికార్డులలో దొరుకుతుంది. అతడు చెప్పే ప్రాణభయం నిజమా, ఇరుగుపొరుగుతో అతని వైరం ఎంతటిది అన్నవి మాత్రం వీధిలో విచారిస్తేనే తెలుస్తాయి. ఠాణాలోని తక్కిన పనుల నడుమ దీనికి ఏపాటి తీరిక చిక్కునో ఊహింపవచ్చు. 2016 నిబంధనలు నివేదికకు 30 రోజుల గడువు విధించాయి. గడువులో అది రాకున్నచో, అది లేకుండానే ఉత్తర్వు ఇవ్వవచ్చునని 1983 సవరణ వీలు కల్పించింది. జాప్యం నుండి పౌరుని కాపాడే ఈ ఏర్పాటే విచారణను తప్పించుకొనే సందు కూడా కాగలదు.

21 సంవత్సరాలు నిండనివారు సామాన్యంగా తుపాకి ఉంచుకొనరాదు. మతిస్థిమితం లేదని అధికారి నమ్మితే లైసెన్సు నిరాకరించాలి. అయితే తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ తిరస్కరించరాదు. తిరస్కారానికి కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలుకు అవకాశమున్నది.

ఒకచోట విచారణ సడలితే ఫలితం దేశమంతటా కనిపిస్తుంది. పూర్వపు జమ్మూ-కాశ్మీర్ రాష్ట్రంలో 2012-16 మధ్య జారీ అయిన సుమారు 2.78 లక్షల లైసెన్సులు అనర్హులకు దక్కాయన్న ఆరోపణపై సి.బి.ఐ. 2018లో దర్యాప్తు చేపట్టింది. ప్రతి లైసెన్సునూ విశిష్ట సంఖ్యతో జాతీయ డేటాబేస్‌లో చేర్చడం వలన ఒక రాష్ట్రపు లైసెన్సును మరొక రాష్ట్రంలో సరిచూచుకొనే సౌకర్యం ఏర్పడింది.

ఇక లైసెన్సు చేతికి వచ్చిన తరువాతి సంగతి. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక రెస్టారెంటులో జెస్సికా లాల్ హత్యకు గురైనది. ముద్దాయి పేరిట .22 పిస్తోలుకు లైసెన్సు ఉన్నది. ఆ పిస్తోలు దొరకనే లేదు. ఢిల్లీ హైకోర్టు 2006లో విధించిన శిక్షను సుప్రీంకోర్టు 2010లో ఖాయపరచింది. లైసెన్సుదారుని నడవడి మారినచో లైసెన్సును నిలిపివేయుటకు, రద్దు చేయుటకు 17వ సెక్షను అధికారమిస్తున్నది. కాని మార్పును కనిపెట్టి తెలుపవలసినది మళ్లీ ఠాణాయే. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది. లైసెన్సు కాలపరిమితిని మాత్రం మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెంచింది. అనగా పునరుద్ధరణ వేళ జరిగే విచారణ ఇప్పుడు ఐదేళ్లకు ఒకమారు వస్తున్నది.