వంగినంత వరకే

జూన్ నెల దాటాక చాలా ఇళ్ళలో ఒక మూల చుట్టిపెట్టిన కొత్త యోగా మ్యాట్ కనిపిస్తుంది. జూన్ 21న యోగా దినోత్సవానికి స్కూల్లో పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి ఆసనాలు వేయిస్తారు. ఇంటికొచ్చిన పిల్ల "అమ్మా, ఇది నీకు వచ్చా?" అంటూ ఒంటికాలి మీద నిలబడి చూపిస్తుంది. ఆ ఊపులో మ్యాట్ కొంటారు. 2025లో విశాఖ బీచ్ రోడ్డు పొడవునా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేయడం టీవీలో చూసి మొదలుపెట్టిన కుటుంబాలూ ఉన్నాయి. రెండో వారానికల్లా తల్లికి నడుం పట్టేస్తుంది, పిల్లకి విసుగొస్తుంది, మ్యాట్ మూలకి చేరుతుంది. దీన్ని బద్ధకం ఖాతాలో వేసి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. చాలాసార్లు తప్పు మీ పట్టుదలది కాదు, ఎంచుకున్న ఆసనాలు ఆ ఒంటికి తగినవి కాకపోవడమే.

ఫోన్లో మనం చూసే, ఒక ఆసనం నుంచి ఇంకోదానిలోకి ఎగిరి దూకే వరసలు చాలావాటికి మూలం మైసూరులో ఉంది. 1930ల్లో అక్కడి జగన్మోహన్ ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాలకు వచ్చినవాళ్ళు ఎక్కువగా చురుకైన మగపిల్లలు. ఆ వయసుకి తగ్గ వేగం అది. అదే కృష్ణమాచార్య తర్వాత మద్రాసులో స్థిరపడ్డాక, తన దగ్గరికి వచ్చిన రోగులకూ పెద్దవాళ్ళకూ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా మార్చి చెప్పారు. ఆయన కొడుకు దేశికాచార్ కూడా ఆ దారినే పట్టారు. మన మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి డెబ్బై ఏళ్ళ వయసులో ఈ దేశికాచార్ దగ్గరే పాఠం చెప్పించుకున్నారు. అప్పటికి ఆ గురువుకి ముప్పై కూడా నిండలేదు. ఇక కృష్ణమాచార్య బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయలతో చిక్కి సగమైన పిల్లవాడు. పూనాలో పాఠం చెబుతూ కుర్చీనీ, చెక్క దిమ్మనీ, బెల్టునీ, దుప్పటినీ ఆసనంలో భాగం చేసింది ఆయనే. కాబట్టి గోడ పట్టుకుని వేసే ఆసనం తక్కువరకం ఆసనమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఇంట్లో మొదలుపెట్టేటప్పుడు ఆ సామాన్లేవీ కొనక్కర్లేదు. అయ్యంగార్ బెల్టు చేసే పని పాత చున్నీ చేస్తుంది. మడతపెట్టిన బొంత, రెండు దిండ్లు, చక్రాలు లేని గట్టి కుర్చీ, ఖాళీ గోడ ఒకటి ఉంటే చాలు. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, దాన్ని గోడకి ఆనించి వాడండి. కడుపునిండా తిన్నాక మాత్రం మూడు గంటలైనా ఆగాలి. స్కూలు బస్సు ఏడున్నరకే వచ్చే ఇంట్లో పొద్దున్నే పిల్లల్ని లేపి చాప మీదికి లాగడం యోగా కాదు, గొడవ. సాయంత్రం ఆట అయ్యాక, అన్నానికి ముందు పదిహేను నిమిషాలు దొరికితే అదే మంచి ముహూర్తం.

మొదట కుర్చీలో కూర్చుని ఒళ్ళు వదులు చేసుకోండి. భుజాలు గుండ్రంగా తిప్పడం, మణికట్లు, చీలమండలు తిప్పడం. మెడని మాత్రం గిర్రున తిప్పొద్దు. ముందుకి, పక్కలకి నెమ్మదిగా వంచితే చాలు. ఆయుష్ శాఖ యోగా దినోత్సవం కోసం తయారుచేసిన 45 నిమిషాల క్రమం కూడా ప్రార్థన అయ్యాక ఇలా కీళ్ళు వదులు చేసుకునే కదలికలతోనే మొదలవుతుంది. చాలామంది దాటేసేదీ ఆ భాగాన్నే.

తర్వాత గోడ దగ్గరికి రండి. తల కిందికి దించి, చేతులూ కాళ్ళూ నేలకి ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనం ఫొటోలో బాగుంటుంది గానీ, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చున్న ఒంటికి అది మొదటి రోజే కుదిరేది కాదు. గోడకి ఎదురుగా నిలబడి, అరచేతులు నడుం ఎత్తులో గోడకి ఆనించండి. ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ వీపు నేలకి సమాంతరంగా వచ్చేదాకా వంగండి. మోకాళ్ళు కొద్దిగా మడిచే ఉంచొచ్చు. చంకల దగ్గర, వీపు పక్కల సాగినట్టు తెలుస్తుంది. ఐదు ఊపిరులు తీసుకుని లేవండి. ఈ ఒక్కటీ రోజూ చేసినా నాకు తృప్తే.

ముందుకి వంగేటప్పుడు వేళ్ళు నేలకి తాకాలన్న పట్టుదల దాదాపు అందరికీ ఉంటుంది. ఎవరు పెట్టారో ఈ నియమం! మోకాళ్ళు మడిచి, పొట్ట తొడలకి ఆనేలా వంగి, చేతులు కుర్చీ మీద పెట్టుకోండి. స్లిప్ డిస్క్, సయాటికా ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా అసలు వంగొద్దు. బీపీ అదుపులో లేనివాళ్ళు, గ్లకోమా ఉన్నవాళ్ళు, కంటి ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్ళు తల గుండె కంటే కిందికి వెళ్ళే ఏ ఆసనమూ వేయకూడదు. సిజేరియన్ అయిన తల్లులు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

బోర్లా పడుకుని వేసే భుజంగాసనంలో చేతుల మీద పూర్తిగా లేవక్కర్లేదు. మోచేతులు భుజాల కిందకి వచ్చేలా పెట్టి, బొడ్డు నేల మీదే ఉంచి, ఛాతీ మాత్రం ఎత్తండి. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనంలో మోకాళ్ళు నొప్పెడితే పిరుదులకీ మడమలకీ మధ్య దిండు పెట్టండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఆ ఆసనం మీకు వద్దు. బాసింపట్టు వేసి కూర్చుంటే వీపు వంగిపోయేవాళ్ళు బొంత మడిచి దాని అంచు మీద కూర్చుంటే నడుం దానంతటదే నిలబడుతుంది.

ఇక పిల్లల సంగతి. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లకి ఒంటికాలి మీద నిలబడటం నేర్పాల్సిన పనిలేదు. అయినా వృక్షాసనంలో పాదం తొడ మీదికే రావాలని పట్టుబట్టకండి. మడమ రెండో కాలి చీలమండకి ఆనించి, వేళ్ళు నేల మీదే ఉంచినా అది వృక్షాసనమే. అన్నాచెల్లెళ్ళు అరచెయ్యీ అరచెయ్యీ కలిపి పక్కపక్కనే నిలబడితే నవ్వులతో పడిపోతారు, పడనివ్వండి.

పిల్లలంతా రబ్బరు బొమ్మల్లా వంగుతారన్నది అందరి విషయంలో నిజం కాదు. ఎత్తు ఎగబాకే పన్నెండు, పదమూడేళ్ళ వయసులో తొడ వెనక కండరాలు బిగుసుకున్నట్టుండటం మామూలే. నిరుడు వంగిన పిల్లవాడు ఈ ఏడు వంగలేకపోతే వాడి తప్పేమీ లేదు. కాళ్ళు చాపి ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో కూర్చున్న పిల్లవాడి వీపు మీద చెయ్యి వేసి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ నొక్కే తండ్రులున్నారు. ఆ చెయ్యి తీసేయండి. అతిగా వంగే రెండోరకం పిల్లల గురించి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మోచేతులు, మోకాళ్ళు వెనక్కి విల్లులా వంగిపోయే పిల్లల్ని చూసి మనం చప్పట్లు కొడతాం. నిజానికి వాళ్ళకి కావాల్సింది కీలుని కొద్దిగా మడిచి ఉంచి, కండరంతో పట్టి నిలబెట్టడం. ఇంకా వంచమనడం వాళ్ళకి మేలు చేయదు.

శీర్షాసనం ఇంట్లో పిల్లలతో వేయించొద్దు, బంధువులు వచ్చినప్పుడు అసలే వద్దు. ఊపిరి బిగబట్టడం, కపాలభాతి వేగంగా చేయించడం కూడా వద్దు. చెవులు మూసుకుని తుమ్మెదలా రొద చేసే భ్రామరి ఉంది కదా, పిల్లలు దాన్ని అడిగి మరీ చేస్తారు. శవాసనంలో కదలకుండా పడుకోమంటే ఏడేళ్ళవాడు అర నిమిషం ఉండడు. పొట్ట మీద చిన్న బొమ్మ పెట్టి, ఊపిరితో దాన్ని లేపి దించమనండి. కాళ్ళు గోడకి ఆనించి పడుకోవడం కూడా వాళ్ళకి సరదా. మీకూ రోజంతా నిలబడ్డ కాళ్ళకి హాయిగా ఉంటుంది.

నేర్పడం కంటే పక్కన చేయడం మేలంటాను. పిల్ల ఎదురుగా నిలబడి "చెయ్యి తిన్నగా పెట్టు, తల ఎత్తు" అంటుంటే అది హోంవర్కులో ఇంకో పేజీ అవుతుంది. మీ చాప మీద మీరు చేసుకోండి. మీరు ఒరిగి గోడ పట్టుకోవడం, "ఇక చాలు, నడుం లాగుతోంది" అని ఆపేయడం వాళ్ళు చూస్తారు. నొప్పి వస్తే ఆపేయొచ్చని పిల్లలకి మాటల్లో చెప్పి ఒప్పించడం కష్టం. పక్కింటి అమ్మాయి చక్రాసనం ఫొటో వాట్సాప్ గ్రూపులో వచ్చిన రోజున మీరలా ఆపి చూపించడం మరీ అవసరం. ఒక రోజు "నాకొద్దు" అంటే బతిమాలొద్దు, బెదిరించొద్దు. మీ పని మీరు కానివ్వండి.

కొన్నాళ్ళకి పిల్లని క్లాసులో చేర్చాలనిపిస్తే, ఫీజు అడిగే ముందు ఒక ప్రశ్న అడగండి: "మా అమ్మాయి మోకాలు అప్పుడప్పుడు నొప్పెడుతుందండీ, మీరు ఏం మారుస్తారు?" టీచరు ఏ కదలికలో నొప్పి, ఎప్పటినుంచి, డాక్టరుకి చూపించారా అని ఎదురడిగితే చేర్చండి. "నాలుగు రోజులు గట్టిగా చేయిస్తే అదే పోతుంది" అంటే ఇంకో క్లాసు వెతుక్కోండి.