ఆండ్రాయిడ్ తేలికా, ఐఫోన్ తేలికా? ఖరగ్‌పూర్‌లో అడిగితే

ఖరగ్‌పూర్‌లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే తెలుగువారు స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, పనిచోట హిందీ, కాగితాల మీద ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఇలాంటి ఊళ్లో రిటైరైన ఉద్యోగికి ఏ ఫోను కొనివ్వాలన్నది చిన్న ప్రశ్న కాదు. పింఛను సమాచారం, బ్యాంకు సందేశం, దూరాన ఉన్న పిల్లల పలకరింపు అన్నీ ఆ తెర మీదే కదా!

ఫోను ‘తేలిక’ అంటే ఏమిటి? ఐఎస్‌ఓ 9241-11 ప్రమాణం ప్రకారం మూడు సంగతులు చూడాలి: పని పూర్తయిందా, దానికి ఎంత శ్రమ పట్టింది, వాడినవారికి తృప్తి కలిగిందా. అదీ ఎవరు, ఏ పనికి, ఏ పరిస్థితుల్లో వాడుతున్నారో చెప్పిన తరువాతే. కాబట్టి అందరికీ తేలికైన ఫోను అంటూ ఉండదు.

వెనక్కి వెళ్లడాన్నే తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో తెర అడుగున మూడు బొత్తాలు ఉంచుకోవచ్చు, లేదా ఎడమ, కుడి అంచుల్లో దేని నుంచైనా వేలితో లోపలికి జరపవచ్చు. ఐఫోన్‌లో చాలాచోట్ల వెనక్కి గుర్తు పైన ఎడమ మూల ఉంటుంది, ఎడమ అంచు నుంచి జరిపినా పనిచేస్తుంది. లక్ష్యం దూరమై, చిన్నదైన కొద్దీ దాన్ని తాకడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లో చూపించాడు. కుడిచేత్తో ఫోను పట్టుకున్నవారి బొటనవేలికి ఆ మూల దూరమే. వణికే వేళ్లకైతే కనబడే బొత్తాలే నయమని నా అభిప్రాయం.

ఇక భాష సంగతి. ఆండ్రాయిడ్ 2014లో వచ్చిన 5.0 తోనే మెనూలను తెలుగులో చూపింది. అయితే తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం బెంగాలీలోనో హిందీలోనో నేర్చినవారికి తెలుగు మెనూ వల్ల ఒరిగేది తక్కువ. వారికి గొంతుతో పలికి రాయించే సౌకర్యమే ముఖ్యం.

2018 ఫిబ్రవరిలో మన అక్షరమే ఐఫోన్లను కూల్చింది. జ, పొల్లు, ఞ, ఆపైన కనబడని ఒక విడదీసే గుర్తు, చివర దీర్ఘం, ఈ వరుసలో వచ్చిన ‘జ్ఞా’ను గీయబోయి ఐఓఎస్ 11.2.5లో యాప్‌లు మూతపడ్డాయి. (విజ్ఞానం అనే మాటలోని అక్షరమే, చూడండి!) కొన్ని బెంగాలీ వరుసలకూ ఇదే జరిగింది. అక్షరాలను కలిపి గీసే భాగం ఆండ్రాయిడ్‌లో వేరు కనుక దానికి ఈ బెడద లేదు. కానీ ఆపిల్ ఫిబ్రవరి 19నే 11.2.6తో సరిచేసింది, ఆ సవరణ నేరుగా ఫోన్లకు చేరింది. ఆండ్రాయిడ్‌లో సవరణలు చాలాసార్లు ఫోను తయారీ సంస్థ మీదుగా రావాలి, పాత ఫోన్లకు కొన్నిసార్లు రానేరావు. ఈ ఆలస్యం కూడా వాడకంలో భాగమే.

మీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. తెలుగులో ఒక సందేశం పంపడం, అక్షరాలు పెద్దవి చేయడం, తప్పిన కాల్‌కు తిరిగి చేయడం – ఈ మూడు పనులకు పట్టిన సెకన్లు, జరిగిన తప్పులు రాయండి. సగం మందికి ముందు ఆండ్రాయిడ్, మిగతా సగానికి ముందు ఐఫోన్ ఇవ్వండి. లేకపోతే మొదటి ఫోనులో నేర్చిన పని రెండోదానికి లాభిస్తుంది. వారం తరువాత మళ్లీ చేయించండి. మొదటి రోజు అంకెల్లో కనిపించేది చాలావరకు పాత ఫోను అలవాటే.