సముద్రంలో గీత

శ్రీకాకుళం,
జూలై 6, 2025

చిరంజీవి కన్నబాబుకు,

నువ్వు ఫోనుకి పంపిన పొడుగాటి మెసేజీని మీ మావయ్య చేత అక్షరాలు పెద్దవి చేయించుకుని మూడుసార్లు చదివాను. ఫోన్లో జవాబు చెబితే సగంలోనే "సరేలే అమ్మమ్మా" అనేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఢిల్లీ వచ్చి అంతర్జాతీయ సంబంధాలు చదవడం దండగనిపిస్తోందని రాశావు. బాంబున్నవాడిదే మాటన్నావు. పోయిన నెల ఇరాన్‌లో ఏకంగా అణుకేంద్రాల మీదే బాంబులు వేశారు, ఏ ఒప్పందం అడ్డొచ్చిందని అడిగావు. నటాంజ్, ఫోర్డో, ఇస్ఫహాన్ పేర్లు టీవీలో విన్న రాత్రి నాకూ నిద్ర పట్టలేదు నాన్నా. 13న ఇజ్రాయెల్ మొదలుపెట్టింది, 22న అమెరికా చెయ్యి కలిపింది. 2022లో ఉక్రెయిన్‌లోని జపోరిజియా అణువిద్యుత్ కేంద్రాన్ని రష్యా సైన్యం కాల్పుల నడుమ ఆక్రమించుకుంది. నీ కళ్ళకు కనబడుతున్నది నిజమే. కాదనను.

కానీ మొన్న మంగళవారం, జూలై 1న, ఇంకొకటి జరిగింది. పేపర్లో లోపలి పేజీలో, నాలుగు వరసల వార్త. మన దగ్గర ఖైదులో ఉన్న పాకిస్తానీల జాబితా మనవాళ్ళు ఇచ్చారు. అక్కడ ఖైదులో ఉన్న మనవాళ్ళ జాబితా వాళ్ళు ఇచ్చారు. మన దగ్గర 382 మంది పౌరులు, 81 మంది జాలర్లు. వాళ్ళ దగ్గర 53 మంది పౌరులు, 193 మంది జాలర్లు. ఇది ఎప్పుడు జరిగిందో చూడు. ఏప్రిల్ 22న పహల్గాం దాడి. ఆ మర్నాడే సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టేశాం. వీసాలు రద్దు, వాఘా-అటారీ మూత, హైకమిషన్లలో మనుషుల కోత. మే 7 నుంచి 10 దాకా క్షిపణులు, డ్రోన్లు. ఆ తర్వాత రెండు నెలలైనా తిరగకుండా, తారీఖు తప్పకుండా, రెండు కాగితాలు చేతులు మారాయి.

ఇదేం గొప్ప అంటావేమో. మా ఊరి సంగతి చెబుతాను.

ఇక్కడి మత్స్యకార కుటుంబాల మగవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్ల మీద కూలికి వేట చేస్తారని నీకు తెలుసు. ఇక్కడ మంచి జెట్టీలు లేవు, ఏడాది పొడవునా పని లేదు. అక్కడ బోటు యజమాని ముందుగా కొంత డబ్బిస్తాడు. 2018 నవంబరు చివర్లో అలా వెళ్ళిన మనవాళ్ళను పాకిస్తాన్ నావికా భద్రతా సిబ్బంది పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. డి.మత్స్యలేశం లాంటి ఊళ్ళల్లో ఆ వారం పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. మొన్న ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' సినిమా వాళ్ళ కథే.

అప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్ల ఒకతె మన ఇంటికి వచ్చింది. వాళ్ళాయన కూడా వేరావల్లోనే ఉన్నాడు, వేరే బోటు కాబట్టి దొరకలేదు. చంకలో బిడ్డ. అరుగు మీద కూర్చుని అడిగింది, "టీచరు గారూ, సముద్రంలో గీత ఎక్కడుంటుందండీ?"

ముప్పయ్యొక్క ఏళ్ళు గోడకు పటం తగిలించి, కర్రతో సరిహద్దులు చూపించినదాన్ని. జవాబు చెప్పలేకపోయాను. ఆ పటంలో గీత ఉంది. నీళ్ళ మీద లేదు. ఇంకా లోతుకు వెళ్ళి చదివితే, ఆ చోట గీతే ఇంతవరకూ తేలలేదని తెలిసింది. కచ్ బురదనేలల్లో సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల పాయ. 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానాన్ని పట్టుకుని తూర్పు గట్టే సరిహద్దని పాకిస్తాన్, కాదు పడవలు నడిచే పాయ నడుమ అని మనం. 1968లో ట్రిబ్యునల్ రణ్ వివాదం తేల్చింది గానీ ఈ పాయ జోలికి పోలేదు. నేల మీద ఆ చివర తేలకపోతే, అక్కడి నుంచి సముద్రంలోకి గీత ఎలా గీస్తారు? రాజధానులు తేల్చుకోలేని సంగతి, రాత్రిపూట చేపల వెంట బోటు నడిపే తండేల్‌కి తెలిసి ఉండాలంటున్నాం.

పైగా సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 73వ అధికరణం చదువు. తీరదేశపు ఆర్థిక మండలిలో చేపల నిబంధన తప్పిన విదేశీయులకు జైలుశిక్ష వేయకూడదు, ఆ రెండు దేశాలూ అలా ఒప్పుకుంటే తప్ప. మనం 1995లో, పాకిస్తాన్ 1997లో ఆ ఒప్పందాన్ని ఆమోదించాం. అయినా వాళ్ళు మనవాళ్ళను, మనం వాళ్ళవాళ్ళను జైళ్ళలో పెడుతూనే ఉన్నాం. ఇందులో మనదొక్కటే ధర్మం అనుకోకు. ఆ 81 మంది ఇళ్ళల్లోనూ ఒక పిల్ల బిడ్డను చంకనేసుకుని ఎవరో ఒక టీచరును ఇదే మాట అడిగి ఉంటుంది.

ఆ తర్వాత 2019 ఎలాంటి సంవత్సరమో నీకు గుర్తుందా? ఇంటర్ పరీక్షల హడావుడిలో ఉన్నావు. ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్. ఆగస్టులో 370వ అధికరణం రద్దయితే పాకిస్తాన్ మన హైకమిషనర్‌ని పంపించేసింది, వ్యాపారం ఆపేసింది. ఆ నాలుగైదు నెలలూ ఇక్కడి ఆడవాళ్ళు టీవీలో యుద్ధం మాట వచ్చినప్పుడల్లా గుండె పట్టుకునేవారు. అంత పగలోనూ 2020 జనవరి 1న జాబితాలు చేతులు మారాయి. వాళ్ళ జాబితాలో మన జాలర్లు 227 మంది. జనవరి 6న మన ఆంధ్ర జాలర్లు ఇరవై మంది వాఘా దాటి నడిచి వచ్చారు. రెండు దేశాల్లోనూ హైకమిషనర్ లేని రోజుల్లో, నాన్నా! అక్కడ మిగిలిన సిబ్బందిలో ఎవరో ఒకరు జాబితాలు చూసి, పేర్లు సరిచూసి, ఫలానా వాడు ఫలానా ఊరివాడేనని ధ్రువీకరించి, సంతకం తెప్పించారు. వాళ్ళ పేరు నాకు తెలియదు. వాళ్ళను తలుచుకుని దీపం పెట్టాను.

చిన్నప్పుడు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రాయబారం నాటకం చూపించాను కదా. కృష్ణుడు పద్యం అందుకుంటే జనం వన్స్‌మోర్ అని కేకలు. రాయబారం అంటే నిండు సభలో అలా నిలబడి మాట్లాడడమేనని చాలా ఏళ్ళు నేనూ అనుకున్నాను. నీ మెసేజీలోనూ అదే ఉంది, గొప్ప నాయకులు గొప్పగా మాట్లాడి యుద్ధం ఆపాలన్నట్టు. నాకిప్పుడు రాయబారమంటే ఆ జాబితాలున్న కవరు. కోపం తలకెక్కిన రోజున కూడా తారీఖుకి అందే కవరు.

అదే జనవరి 1న ఇంకో కవరు కూడా వెళ్తుంది. నువ్వు అడిగిన అణుకేంద్రాల సంగతి అందులోనే ఉంది. 1981 జూన్‌లో ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్‌ని కూల్చాయి. కహూటాలోని తమ యురేనియం శుద్ధి కర్మాగారానికీ అదే గతి పడుతుందని పాకిస్తాన్‌కి భయం పట్టుకుంది. వాళ్ళు తిరిగి మన ట్రాంబే అణుకేంద్రాన్ని కొడతారని ఇక్కడ భయం. 1985 డిసెంబరులో పాకిస్తాన్ అధ్యక్షుడు జియా ఢిల్లీ వచ్చినప్పుడు ఆయనా, రాజీవ్ గాంధీ నోటిమాటగా ఒప్పుకున్నారు, ఒకరి అణుకేంద్రాల మీద ఒకరం దాడి చెయ్యొద్దని. అది కాగితం మీదకు రావడానికి మూడేళ్ళు పట్టింది. మధ్యలో మన సైన్యపు బ్రాస్‌టాక్స్ విన్యాసాలప్పుడు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి కూడా. చివరికి 1988 డిసెంబరు 31న ఇస్లామాబాద్‌లో రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో చూస్తుండగా విదేశాంగ కార్యదర్శులు కె.పి.ఎస్. మేనన్, హుమాయూన్ ఖాన్ సంతకాలు చేశారు.

చదివి చూడు, మూడే అధికరణాలు. దాడి చెయ్యను, చేయించను, చేసేవాడికి తోడుపడను. ఏటా జనవరి 1న నా కేంద్రాలు ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉన్నాయో నీకు చెబుతాను. అంతే. రియాక్టర్లతో పాటు ఇంధనం తయారుచేసే కర్మాగారాలూ ఆ నిర్వచనంలోకి వస్తాయి. హైదరాబాదులో మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది కదా, మీ పెదనాన్న వాళ్ళింటికి వెళ్ళే దారిలో. జాబితా రహస్యం కాబట్టి ఎవరూ చెప్పరు గానీ, నిర్వచనం చూస్తే అది ఉండి తీరాలని నా లెక్క. నీ శత్రువుకి నీ ఆయువుపట్టు ఎక్కడుందో నువ్వే చెప్పడం! సంతకాలు చేసేనాటికి బాంబు ఉందని రెండు దేశాలూ ఒప్పుకోలేదు కూడా. 1998 మేలో పోఖ్రాన్, చాగై పేలుళ్ళ దాకా ఆ మాట బయటికి రాలేదు.

మొదటి జాబితాలు 1992 జనవరి 1న చేతులు మారాయి. కార్గిల్ వచ్చింది, ఆగలేదు. పార్లమెంటు మీద దాడి జరిగి ఇరవై రోజులైనా కాలేదు, సైన్యాలు సరిహద్దుకు కదులుతున్నాయి, 2002 జనవరి 1న ఆగలేదు. ముంబయి దాడుల తర్వాత ఆగలేదు. ఈ ఏడాది జనవరితో ముప్పై నాలుగుసార్లు. మొన్న మేలో కిరానా కొండల్లోని అణుకేంద్రాన్ని మనవాళ్ళు కొట్టారని పుకారు లేస్తే, కొట్టలేదని మన వైమానిక దళ అధికారి విలేకరుల ముందు చెప్పారు. పాకిస్తాన్‌లో ఏ అణుకేంద్రం నుంచీ రేడియేషన్ లీకు కాలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. కాల్పులు ఆగింది కూడా మే 10న మధ్యాహ్నం 3.35కి రెండు సైన్యాల ఆపరేషన్స్ అధిపతులు, అదే డీజీఎంఓలు, హాట్‌లైన్‌లో మాట్లాడుకున్నాకే. ఆ ఫోను లైను 1971 యుద్ధం తర్వాత వేసుకున్నది. మామూలు మంగళవారాల్లో ఎవరికీ పట్టని ఆ ఫోను మోగుతూ ఉండబట్టే, ఆ శనివారం పనికొచ్చింది.

లోపాలు లేవనను. అణుకేంద్రాల జాబితాలో ఏదైనా దాచారేమో చూసే ఏర్పాటు లేదు. ఎదుటివాడు దాచాడని ఇద్దరికీ అనుమానమే. ఇరాన్‌కి అలాంటి కాగితం ఎవరితోనూ లేదు, అదీ నీ ప్రశ్నకు సగం జవాబు. ఖైదీల జాబితా సంగతైతే నాకు కడుపు మండుతుంది. జాబితా ఇచ్చినంత మాత్రాన మనిషి ఇంటికి రాడు. 2008 మే 21 నాటి ఒప్పందం ప్రకారం పట్టుబడిన మూడు నెలల్లో వాళ్ళ దేశపు అధికారి వెళ్ళి కలవాలి. శిక్ష ముగిసి, ఏ దేశంవాడో తేలాక నెలలో పంపెయ్యాలి. ఆ తేలడంలోనే ఏళ్ళు గడుస్తాయి. మనవాళ్ళకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. కరాచీ ఠాణాలో ఉర్దూలో రాసుకునే గుమస్తాకి ఏది ఇంటిపేరో ఎలా తెలుస్తుంది? ఖైదీల బాగోగులు చూడడానికి రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో, చెరో నలుగురితో, ఒక కమిటీ ఉండేది. జైళ్ళకు వెళ్ళి ఖైదీలతో మాట్లాడేవారు. అది ఆఖరుసారి కూర్చున్నది 2013 అక్టోబరులో. దాదాపు పన్నెండేళ్ళుగా ఆ ఎనిమిది కుర్చీలూ ఖాళీ. ఆ కమిటీని మళ్ళీ కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చు లేదు, భూమి వదులుకోనక్కర్లేదు, ఎవరి పరువూ పోదు. అయినా చెయ్యరు. నీకు కోపం రావాల్సింది ఇక్కడ.

చదువు మానేస్తానన్న మాట ఇక నా దగ్గర అనకు. డిసర్టేషన్‌కి విషయం దొరకలేదన్నావు కదా, ఆ ఖాళీ కుర్చీల గురించి రాయి. ఎందుకు ఆగిందో, ఎవరు ఎప్పుడు మళ్ళీ మొదలుపెడదామన్నారో, ఎక్కడ పడిపోయిందో తవ్వి తియ్యి.

దానికంటే ముందు ఒక పని. గుజరాత్‌లో వేట నిషేధం అయిపోవస్తోంది. ఈ నెలాఖరు నుంచి మనవాళ్ళు మళ్ళీ వేరావల్ రైలెక్కుతారు. ఆ 2008 ఒప్పందం విదేశాంగ శాఖ దగ్గర దొరుకుతుందట. దాన్ని ప్రింటు తీసి, ఖైదీ ఏమేం అడగవచ్చో తేలిక తెలుగులో ఒక పేజీకి కుదించి పంపు. ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడానికి కింద నాలుగు గళ్ళు పెట్టు. మీ మావయ్య జిరాక్సులు తీయిస్తానన్నాడు. నా పాత స్టూడెంటు వాళ్ళాయన 28న బయలుదేరుతున్నాడు. అంతకుముందే నాకు అందాలి.

ఎండలు ఇంకా తగ్గలేదు. మజ్జిగ తాగు, రాత్రిళ్ళు మేలుకోకు.

ప్రేమతో,
అమ్మమ్మ